రెండు కిలోలు

కరెంటు పోయి ఏరేటర్లు ఆగినాక
గుంటలో విసురువల పడిన చప్పుడు విన్నా.
టార్చి వేస్తే కట్టమీద
చెంబేటి పోలయ్య, ఇరవై కూడా ఉండవు,
లుంగీ మడతలో రెండు కిలోల రొయ్య.
నలభై కౌంటు. ఇంకా ఎగురుతా ఉంది.

వాడు పరిగెత్తలేదు.
మోటారు స్తంభానికి కట్టి
తెల్లారేదాకా దోమలకి వదిలేశా.
"యానాదోళ్ళ చేతివాటం" అని ఎవరో అంటే
నేనూ నవ్వా.

ఇందుకూరుపేట స్టేషన్లో రాసిన కాగితంలో
రెండు కిలోలు ఇరవై అయ్యాయి.
నేను చెప్పలేదు.
కాదనీ చెప్పలేదు.
"చిన్నదని వదిలితే రేపు గుంటే ఎత్తకపోతారు"
అన్నారు కట్టమీద పెద్దలు.
మేత అప్పు, లీజు బాకీ నెత్తిమీదుంటే
ఆ మాట సబబే అనిపిస్తది.
ఇప్పటికీ సగం అనిపిస్తది.

డెబ్భై రోజులు.
బెయిలొచ్చింది, జామీను దొరకలా.

ఆ నెలలోనే గుంటకి తెల్లమచ్చ తగిలింది.
పొద్దునకల్లా కట్ట అంచెంబడి ఎర్రగా తేలింది
నాలుగు టన్నుల రొయ్య.
పైగుంట ఆసామి జబ్బు నీళ్ళు
రాత్రికి రాత్రే కాలవలోకి వదిలాడని
కొరుటూరులో అందరికీ తెలుసు.
మైపాడు రోడ్డులో ఎదురుపడితే
"ఏమన్నా, బాగుండావా" అని
ఆయన డబ్బులతోనే టీ తాగా.

బ్లీచింగు చల్లి గొయ్యి పూడ్చే కూలీల్లో
పోలయ్య అమ్మ మస్తానమ్మ ఉంది.
ముక్కుకి కొంగు కట్టుకుని
రోజంతా నా రొయ్యమీద మన్ను పోసింది.
సాయంత్రం కూలి డబ్బులిస్తే ఎంచుకోలేదు.
తిడతదనుకున్నా.
కాళ్ళమీద పడతదనుకున్నా.

"పాసుపుస్తకం ఉండేవోళ్ళు సంతకం చెయ్యాలంటయ్యా.
మాకు తెలిసినోళ్ళల్లో
పొలం ఉండేది నీకే."

కోర్టు గుమాస్తా కాగితం తిరగేసి మరగేసి
"కేసు పెట్టింది తమరే గదా" అన్నాడు.
అవునన్నా.
ఎక్కడ సంతకం పెట్టాలో అడిగా.

జైలు గేటు దగ్గర పోలయ్య
నన్ను చూసి రెండడుగులు వెనక్కేశాడు.
బస్సులో వాళ్ళమ్మ పక్కన కూచున్నాడు.
పల్లెపాడు దాటినాక, కిటికీలోంచి చూస్తానే అడిగాడు:

"ఆ వల మా నాయనదయ్యా.
ఎప్పుడిస్తారంట?"

స్టేషన్లో ఉంది, నంబరు చీటీ కట్టి.
"కేసు తేలినాక" అన్నా.

"ఎప్పుడు తేలద్ది?"

కండక్టరు టిక్కెట్టని వచ్చాడు.
మూడు తీసుకున్నా.