వంగకుండా కోసే తోట

నా నడుము వంగదు.
ముందే చెప్తున్న, తర్వాత అడగొద్దు
ఈ తోటల కలుపు ఎందుకు తియ్యలేదని.

ఇరవై ఏండ్లు బోరింగు నీళ్లు తాగిన.
మర్రిగూడ దిక్కు ఇదేం కొత్త ముచ్చట గాదు.
మెడ తిప్పాలంటే మనిషిని మొత్తం తిప్పాలె.
కిందపడ్డ పిన్నీసును
కాలివేళ్లతోటి ఏరుకునుడు నేర్చుకున్న.

టమాట నారుకు వంగాలె, మిరపకు వంగాలె,
కొత్తిమీరకైతే మోకాళ్ల మీద కూసోవాలె.
ఏడాదికి మూడుసార్లు దున్ని, మూడుసార్లు ఇత్తి,
మూడుసార్లు నేలకు దండం పెట్టిచ్చుకునే తోట
నా వల్ల గాదు.

అందుకే తోటనే లేపుకున్న
నా చెయ్యి ఉన్న కాడికి.

కూలిన కొట్టం కాడి పదకొండు రాతి కడీలు పాతిపిచ్చి
పైన బైండింగు తీగె గుంజిపిచ్చి
అంజమ్మ ఇచ్చిన దొండ కొమ్మలు మూడు గుచ్చిన.
అంతే, దానికి నేను చేసిన సేవ.
ఎండాకాలం సచ్చినట్టు పడుంటది,
ఒక్క వాన పడంగనే
ఏదో యాదికొచ్చినట్టు చిగురేస్తది.

మునగను ఏటా మనిషెత్తుకు నరికిస్త.
అలగదు. కోపానికొచ్చి ఇంకింత కాస్తది.
కంచె మీద చెమ్మకాయ
నీళ్లు అడగంగ నేను ఇనలే.
గంగవాయిలి కూర మాత్రం కాళ్ల కాడ పాకుతది, నాకందదు.
అది పక్కింటి నవనీత భాగం.
కోసుకపోయి వండి
సగం గిన్నె గోడ మీద పెట్టిపోతది.

రాలిన ఆకు రాలిన కాడనే. ఊడ్వ.
గలీజు అంటరు చూసినోళ్లు.
ఆ గలీజు కింద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడుండ్రి
(నేనైతే పెట్టలేను)
నడి ఎండాకాలం సుత సల్లగుంటది.

ఇగ బోడకాకర సంగతి.
గుట్ట మీదికెల్లి గడ్డలు తెప్పిచ్చి పాతిచ్చిన, పది.
మిరుగు చినుకు పడేదాకా ఉన్నట్టే తెల్వదు.
పడ్డంక, పోయినేడు ఏ కడీ పట్టుకున్నదో
వెతుక్కుంట అదే కడీ ఎక్కుతది.
తొమ్మిది ఆడ తీగలు, ఒకటి మగది.

మా ఎట్టయ్య లెక్కల మనిషి.
పాల సెంటర్ల ముప్పై ఏండ్లు వెన్న శాతం రాసిండు.
రెండేండ్లు చూసిండు మగ తీగను.
పూస్తది, కాయదు. పూస్తది, కాయదు.
నేను మందులకు నల్లగొండ పోయిన దినం
గడ్డతో సహా తవ్వి గోడ అవతల ఇసిరేసిండు.
"జాగ దండగ" అన్నడు.

ఆ యేడు తొమ్మిది తీగలు పందిరి నిండ పూసినయి.
ప్రతి పూవు కింద గోరంత ముండ్ల పిందె.
మూడో నాటికి పసుపుపచ్చగ మారి రాలుడు.
ఆకుల మీద ఆకుల లెక్క
పిందెల మీద పిందెలు.

నేనేం అనలే.
అనాలంటే ఆయన దిక్కు మొత్తం తిరగాలె,
అంత ఓపిక లేకుండె.

నాలుగో నాడు పొద్దుగూకంగ టార్చిలైటు పట్టుకొని
ఎటో పోయిండు.
చీకటి పడ్డంక వచ్చిండు, లుంగికి పల్లేరుకాయలు,
అంగి జేబుల ఆరు మగ పూలు.
పాల లీటరు పట్టుకున్నంత జాగ్రత్తగ తీసిండు.
ఆయన పొట్టి. పందిరి అందలే.
"నువ్వే పెట్టు, నీకైతే అందుతది" అన్నడు.

నిటారుగ నిలబడ్డ.
ఇన్నేండ్లకు నా నడుము సక్కగుండుడు
ఒక పనికొచ్చింది.
పూవుకు పూవు తాకిచ్చిన.
ఆయన కింద నుంచి లైటు కొట్టిండు,
ఎక్కువ నా మొఖం మీదనే కొట్టిండు.

ఇరవై రెండు రోజులు గట్లనే.

చండూరు అంగడిల ఎన్ని కిలోలు అమ్మినమో
కిలో ఎంతకు పోయిందో
నోటుబుక్కుల రాసిపెట్టిండు.
గుట్టకు ఎన్నిసార్లు నడిచిండో రాయలే.

మొన్న ఒక గడ్డ తెచ్చి
పాత గుంతలనే మళ్ల పాతిండు.
మగదో ఆడదో పూస్తే గానీ తెల్వదు.
అడిగితే, "ఏదైతేంది, ఉండనీ" అంటడు.

మిరుగు ఇంక తొమ్మిది రోజులుంది.