బర్రెలు మేసినంత

పంచాయతీ మిద్దె మీద ఒక పళ్ళెం,
పాలకేంద్రం రేకుల మీద ఒక పళ్ళెం.
నడుమ కిలోమీటరున్నర చండూరు ఎండ.
వైరు లేదు, గుంజ లేదు.
ఒకదాని మొకం ఒకటి చూస్తే చాలు,
పొద్దుగాల పోసిన పాల వెన్నశాతం
మిద్దె మీదికి దుంకి
ఆడికెల్లి బ్యాంకుకు పోతది.

పెట్టింది నేనే.
ఫిబ్రవరిల, నిచ్చెన మీద నిలబడి
పానాతోటి వెంట్రుకవాసి జరిపి జరిపి
మైనస్ యాభై ఎనిమిది కాడ ఆపిన.
ఆ అంకె చూసినంక తాగిన చాయ్
ఇంకా నాలిక మీదుంది.

మే నెలల ఫోనొచ్చింది.
సెక్రెటరీ అండాలు మేడం:
"జాంగీరూ, నీ పళ్ళాలు అలిగినయి."

పోయి చూస్తే నడుమ ఇస్తారి వామి.
మిషిని కోస్తే గడ్డి తునకలైతదని
యాసంగి వరి కొడవళ్ళతోటే కోపిచ్చి
దిబ్బ మీద రెండు నిలువుల ఎత్తు పేర్చిండు.

"కొస గూడ తాకదు గదనే,
పైకెల్లి పోదా నీ మాట?"
దారమైతే పోవు కాకా.
గాలిల పోయేది దారం గాదు,
కొసలు సన్నం, నడుమ లావు,
దోసకాయ.
దాని కడుపు నీ వామికి రాసుకుంటున్నది.

ఆయన చాలాసేపు ఉత్త గాలిని చూసిండు.

మూడు వారాల పాలపైసలు ఆగినయి.
అండ్ల పెద్ద బిల్లు ఇస్తారిదే.
బర్రెలు ఆయనయి, గడ్డి ఆయనది, అడ్డం ఆయనదే.
"నా పైసల మీద నేనే వామేసుకున్ననా"
అని నవ్విండు.
సగంల ఆపిండు.

ఆరడుగుల పైపుకు అర్జీ రాసిన.
ఆఫీసు నల్లగొండల, పైపు హైదరాబాదుల,
సంతకం సెలవుల.

అండాలు మేడం మాత్రం రోజూ
గోడ మీద సుద్దతోటి అంకె రాసింది.
మైనస్ ఎనభై నాలుగు.
ఎనభై మూడు.
గడ్డి తడిసిన నాడు ఎనభై తొమ్మిది.
ఎండినంక మళ్ల ఎనభై.
నాలుగు బర్రెలు, ఒక దుడ్డె
మాపటిదాంక నములుకుంట
గాలిల తొవ్వ తీసినయి.

డెబ్బై ఒకటి నాడు
తెల్లారగట్ల ఇస్తారే ఫోన్ చేసిండు.
"పడ్డయిరా పైసలు."
ఇంకేదో అనబోయి ఊకున్నడు.
ఎనక నెమరు చప్పుడు.

పైపింకా రాలేదు.
మొన్న దసరాకు అటు పోతే
దిబ్బ మీద ముగ్గుపిండి గీత,
పొడుగ్గ,
కొసలు సన్నం, నడుమ లావు.
"నీ దోసకాయ," అన్నడు ఇస్తారి.
"ఈసారి వామి అవుతల."