డెబ్బయ్యో ఆకు

సిరొంచ తహసీల్ కచేరి ముందర
జిరాక్స్ దుకాణం రేకు నీడ ఎంత జరిగితే
నా కుర్చీ అంత జరుగుతది.
అర్జీకి ముప్పై రూపాయలు.
మరాఠీ ఫారంల మొదటి గడి, నావ్.
నావ్ అంటే పేరు.
మా ఇంట్ల నావ అంటే ప్రాణహిత మీద తేలేది.
ఇరవై రెండేండ్లుగా
జనం తమ పేర్లు చెప్తుంటే
నాకు తెడ్డు చప్పుడే వినబడుతది.

నావ్, వయ్, జాత్, గావ్, ధందా.
ఇంతే మనిషి. కింద వేలిముద్ర.
"మా ఆయన పోయినంక నాకు పులుపు సయిస్తలేదు,
అదెక్కడ రాస్తవు?" అని
నిరుడు ఒకామె అడిగింది, అంకీస నుంచొచ్చి.
ఆ గడి లేదవ్వా, అన్న.
ఆమె పింఛన్ కాగితం పట్టుకుని పోయింది.
పులుపు నా దగ్గర్నే ఉండిపోయింది.

రాత్రిపూట, బిడ్డ మరాఠీ బడి నోటుబుక్కుల
మిగిలిన వెనుక పేజీలల్ల
తెలుగుల ఒక మనిషిని పుట్టిస్తున్న.
శంకుబాయి.
మొదట్ల దానికి అన్నీ నేనే ఇచ్చిన:
మంచి గుణం, తాగే మొగడు, ఏడ్వనీకె ఒక రేవు.
రేవు కాడ కూసోబెట్టి ఏడువుమన్న.
పదకొండు పేజీలు ఏడ్చింది పాపం, నా మాట కాదనలేక.
తెల్లారి చదివితే
ఒక్క చుక్క తడి లేదు.
ఇసుకల చేప బొమ్మ గీసి
గాలమేసుకుని కూసున్నట్టుంది నా పని.

చింపలే. కాగితం బిడ్డది.
రేవు మీద అడ్డగీత కొట్టి
శంకుబాయిని తునికాకు కల్లానికి తోలిన.
కట్టకు డెబ్బై ఆకులు.
డెబ్బై లెక్కవెట్టి కట్టుమని రాసిన.
అది అరవై తొమ్మిదికే నార బిగించింది.
నేనే తప్పు రాసిన్నేమో అని మళ్ల లెక్కవెట్టిన.
అరవై తొమ్మిదే.
ఇంకో కట్ట. అరవై తొమ్మిది.
ముకద్దం ముంగట నిలబడి
కండ్లార్పకుండ "డెబ్బై" అన్నది.

కలం ఆగింది. కరెంటు గూడ పోయింది, అది వేరే సంగతి.
చీకట్ల కూసోని అడిగిన, ఎందుకే?
నిన్ను మంచిదాన్ని చేసిన గదనే?
చెప్పలే.
నా దిక్కు తిరగనన్న తిరగలే.
మొదటిసారి దాని వీపు చూసిన:
జాకెట్ కుట్టు ఊడి, పిన్నుకు బదులు
తుమ్మ ముల్లు.
ఆ ముల్లు నేను పెట్టలే.

అప్పటిసంది దాని వెనుక నడుస్తున్న.
కచేరిల తప్పులు పడుతున్నయ్.
ఒకాయన ధందా గడిల
"ఆకులు దాచుట" అని రాసి, తిట్లు తిని
కొత్త ఫారం నా పైసలతోటి తెచ్చిన.
"అన్నం ముంగట పెట్టుకుని
ఎవతిని చూస్తున్నవయ్యా?" అంటది రుక్కుబాయి.
లేదంటే అబద్ధం.
ఉన్నదంటే కూర దొరకది.

మా బిడ్డకు తెలుగు మాటుంది, అక్షరం లేదు.
నేను చదివితే వింటది.
"బాపూ, ఇయ్యాల గా ముసల్ది ఏం చేసింది?"
ముసల్ది కాదే, నలభై గూడ దాటలే, అంట.
"మరి లేచినప్పుడల్ల మోకాలు పట్టుకుంటదని
నిన్న చదివినవు గద?"
నిజమే.
నేను రాసిన వయసొకటి, దాని మోకాళ్ల వయసొకటి.
వయసు కొట్టేసిన. మోకాళ్లు ఉంచిన.

నిన్న రాత్రి సగం నిద్రల అడిగింది,
"డెబ్బయ్యో ఆకు ఏడ పెడుతున్నది బాపూ?"
తెల్వది.
"రాసేది నువ్వే గద?"
నేనే. గనీ
తొమ్మిది కట్టలైనయ్ ఇప్పటికి,
దాని కొంగుల తొమ్మిది ఆకులున్నయ్,
కొంగు ముడి విప్పే కాడికి
నన్ను రానిస్తలేదు.
ఇంకొంచెం దగ్గరికి పోతే
ఎనుకకు మళ్లి రాయి విసురుతదేమో, అన్న.

"అయితే గదే రాయి"
అన్నది బిడ్డ, అటు దిక్కు ఒత్తిగిలుకుంట.