ఏడు రోజులు

మురుగేశ్‌పాళ్య, మూడో అంతస్తు, శనివారం.
గుడ్డ సంచిలోంచి గాజు పెట్టెలోకి
జారింది బాల్ పైథాన్,
జడ విప్పుకుంటున్నంత నిదానంగా.

వకుళకి పదకొండేళ్లు. షరతులన్నీ తనవే:
ఏడు రోజులు ముట్టుకోకూడదు, తిండి పెట్టకూడదు,
అద్దం మీద తట్టకూడదు.
వాషింగ్ మెషిన్ వద్దు, నేలంతా అదురుతుంది.
తలుపులు దబీమని వేయకూడదు.
ఈ చివరిది చెప్పేటప్పుడు
నావైపూ చూసింది, వాళ్లమ్మవైపూ చూసింది.

మదనపల్లె నుంచి మా మేనత్త ఫోను:
"పాలు పోశారా?"
తాగదత్తా.
"మరేం చేస్తుందిరా రోజంతా?"
దాక్కుంటుంది.

వెచ్చని మూల బోర్లించిన కుండపెంకు,
చల్లని మూల చెప్పుల అట్టపెట్టె.
ఎక్కడ దూరాలో దాని ఇష్టం.
నాకూ ఈ ఇంట్లో అలాంటివి రెండు ఉన్నాయి,
బాల్కనీ ఒకటి,
ఆఫీసు పని ఒకటి.

మంగళవారం రాత్రి కరెంటు పోయింది.
వేడినీళ్ల సీసాకి నా పాత లుంగీ చుట్టి
పెట్టెకి ఆనించింది శోభన.
గంటకోసారి నీళ్లు మార్చాం
చీకట్లో, గుసగుసగా మాట్లాడుకుంటూ.
పాముకి చెవులుండవని
ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం.
బకెట్లో బట్టలు ఇంకా నానుతున్నాయి.
పెంకు అంచున ముక్కు కనిపించింది.
నాలుక ఒకసారి, ఆగి మరోసారి
మా ఇంటి గాలిని రుచి చూసింది.
వకుళ ఊపిరి బిగబట్టింది.

అటు వంటింట్లో
ఒక స్టీలు గిన్నెని
రెండు చేతులతో సింకులోకి దించుతోంది శోభన,
నిద్రపోతున్న పిల్లని పడుకోబెట్టినట్టు.