మడమ లెక్క

హోసకోటె దాటాక ఎడమచేతి పక్క చన్నవీరప్ప యార్డు.
పాత పసుపు మీద కొత్త పసుపు కొట్టి
తడి ఆరకముందే ఎండలో నిలబెట్టిన బండ్లు.

"రంగు వద్దన్నా, కింద చూడు"
అన్నాడు ఆరోగ్యసామి,
రెండు వేలిచ్చి శివాజీనగర్ నుంచి తెచ్చుకున్న మెకానిక్కు.
సంతలో ఎద్దు నోరు తెరిచినట్టు
గొలుసు పక్కకు ఒంగి స్ప్రాకెట్ పళ్ళు చూశాడు.
మొనదేలితే అరిగిందని అర్థమట.
యంత్రాల్లో వాడి పన్నే ముసలి పన్ను.
గొలుసు నడుమ ఎంత వేలాడుతోందో
స్కేలు పెట్టి కొలిచాడు.
రోలరు చుట్టూ వేలు తిప్పి వాసన చూశాడు.
"బుల్డోజర్ ధరలో సగం దాని కాళ్ళే.
కాళ్ళు పోయినది కొంటే
రెండేళ్ళలో ఇంకో అర బండి కొనాల."

చిన్నది వద్దని ముందే అనుకున్నాం.
దేవనహళ్ళి పక్క లేఅవుట్లలో
ఎర్రమన్ను రెండడుగులే, ఆ కింద మొరం,
మొరం కింద గుండ్రాయి.
చిన్న బండి దాన్ని తోయబోయి
తనే వెనక్కి జరుగుతుంది.
పెద్దదానికి నెలలో పది రోజులే పని.
మిగిలిన ఇరవై రోజులూ
వడ్డీ ఒక్కటే షిఫ్టు మానకుండా నడుస్తుంది.
అందుకే నడిమిది.
నూటయాభై గుర్రాలు, పద్దెనిమిది టన్నులు,
వెనకాల మూడు గోళ్ళ రిప్పర్.
బ్లేడు నేరుగా ఉండేదా, పక్కకు తిరిగేదా,
రెండు టీలు తాగినా తేల్చుకోలేకపోయాను.

మీటరు ఆరువేల గంటలంటోంది.
ఆరోగ్యసామి బ్రేకు పెడలు చూసి నవ్వాడు.
రబ్బరు పోయి, ఇనుము పోయి,
ఎవడిదో బొటనవేలు గుంట పడి ఉంది.
మీటరు వెనక్కి తిప్పొచ్చు.
ఆ గుంటనెవడు పూడుస్తాడు?

స్టార్ట్ చేశారు. పొగ నల్లగా లేచి పలచబడింది.
నూనె మూత తీసి తలకిందులు పెడితే
అది ఎగిరి పడలేదు, కొద్దిగా వణికింది అంతే.
ఎడమకు తిప్పితే మాత్రం
మాట వినబడని మామయ్యలా
రెండు క్షణాలు ఆగి తిరిగింది.
ఆ రెండు క్షణాలకు డెబ్బై అయిదు వేలు తగ్గించాను.

అమ్మ కూడా వచ్చింది, పిలవకుండానే.
వడ్డెర మనిషి.
కదిరి నుంచి వచ్చిన నాటి నుంచి
ఈ ఊరికి ఎన్ని పునాదులు తవ్విందో ఆమెకే గుర్తులేదు.
ఎన్ని గంపలు మోసిందో మెడ ఎముకకు తెలుసు.
పొద్దుటి నుంచీ పాత గొలుసు కుప్ప నీడలో
ఆకూవక్కా నములుతున్న మనిషి
లేచొచ్చి ఇనుప పలక మీద అరచేయి ఆనించింది.
"ఇంత బరువుంది గదా,
తడి మన్నులో కూరుకుపోదా ఓబులా?"

"ముళుగల్లమ్మా!" అని చన్నవీరప్ప
సుద్దముక్కతో బ్లేడు మీదే లెక్కేశాడు.
రెండు గొలుసుల పొడవు, వెడల్పు, మొత్తం బరువు.
వేలిగోరంత నేల మీద
ముప్పావు కిలో కూడా పడదు.
అమ్మ ఆ అంకెల్ని చూసింది, చదవలేదు.

రాత్రి నిద్ర పట్టలేదు.
కరెంటు బిల్లు వెనక ఇంకో లెక్క వేశాను.
అమ్మ నలభై ఎనిమిది కిలోలు,
తడిమన్ను గంప ఇరవై రెండు.
పలక మీద ఒక కాలు లేచినప్పుడు
మొత్తం డెబ్బై ఒక్క మడమ మీద.
భాగిస్తే రెండు కిలోలు.
బండికి మూడింతలు.
తప్పేమోనని మళ్ళీ చేశాను.
మళ్ళీ రెండే వచ్చింది.
కాగితం మడిచి అగ్గిపెట్టె కింద పెట్టాను.
ఎవరికీ చెప్పలేదు.

బుధవారం బూదిగెరె దగ్గర మొదటి పని.
ముందురోజు వానకి నేల మెత్తగా ఉంది.
బండి ముందుకు పోయింది, వెనకాల
దువ్వెన దిగినట్టు గొలుసు అచ్చులు.
ఆ అచ్చుల మీదే నడిచొచ్చింది అమ్మ,
నెత్తిన ఏమీ లేకుండా, నాకు క్యారేజీ తెస్తూ.
నేను తలొంచి చూశాను.
గొలుసు అచ్చులో నీళ్ళు నిలవలేదు.
మడమ అచ్చులో నిలిచాయి.

ఆపరేటరు వెనక్కి రావాలని హారన్ కొట్టాడు.
అమ్మ జరగలేదు.
వంగి, దారిలో ఉన్న పిడికెడు రాయిని ఏరి
పక్కకు విసిరింది,
అలవాటుగా,
తర్వాత ఎవరో కాలు పెడతారన్నట్టు.