ఎడమ తలుపు రబ్బరు

పుదుపేటలో మా షెడ్డుకి బోర్డు లేదు.
వాసనే బోర్డు:
మూసిన పెట్టెలో మరిచిపోయిన వానచెప్పుల వాసన.

ఆవిడ బండి తనే నడుపుకుంటూ వచ్చింది.
స్టాండర్డ్ హెరాల్డ్, పాలమీగడ రంగు,
ఈ ఊరి పొలిమేరలోనే పుట్టిన బండి.
ఎస్తేరు కమలమ్మ, కీల్పాక్ ఆసుపత్రిలో
ముప్పై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసిన నర్సు.
"వాన పడితే నా ఒళ్ళోనే పడుతోంది" అంది.
"కొత్త బీడింగు వేసేస్తా, రెండు గంటల పని."
"కొత్తది అడిగానా?"

అడగలేదు.

పాత రబ్బరుతో పని పాత మనుషులతో పనిలాంటిదని
మా చెంగల్రాయుడు మేస్త్రీ అనేవాడు కాదు.
అలాంటి మాటలేవీ ఆయన అనేవాడు కాదు.
"కిరసనాయిలు ముట్టుకున్నావో, చెయ్యి విరిచేస్తా"
అనేవాడు, అంతే.

కిరసనాయిలు పెడితే ఆ పూటకి నిగనిగ,
వారం తిరిగేసరికి ఉబ్బి, జిగటై
వేలికి మసిలా అంటుకుంటుంది.
కుంకుడు రసం కావాలి, గోరువెచ్చగా.
అరిగిన టూత్‌బ్రష్షు కావాలి,
కొత్తదానికి పొగరెక్కువ, గీతలు పెడుతుంది.
మెడికల్ షాపు గ్లిజరిన్ ఒక సీసా.
తరవాత నీడ.
ఎండ పాడుచేసినదాన్ని ఎండలో బాగుచెయ్యలేం.

మూడు రోజులు కూర్చున్నాను.
ముందు అద్దం గాడిలోంచి వచ్చినవి:
అరచెంచా సముద్రపు ఇసుక,
ఎండిన వేపపూత,
జనం ఖాళీచేసిన ఒక చీమల ఊరు,
జడపిన్ను,
తుప్పు, తుప్పు, ఇంకా తుప్పు.
నురగ నల్లగా కాలవలోకి జారుతుంటే
బూడిద తెర మెల్లగా వెనక్కి తగ్గి
నూనె రాసిన అట్లపెనం నలుపు బయటపడింది.

ఎడమ తలుపు అద్దం కింద, పట్టీ దగ్గర ఆగాను.
పగుళ్ళనుకున్నా.
నెలవంకలు.
వరసగా, ఒకదాని పక్కన ఒకటి,
కొన్నిచోట్ల ఒకదాని మీదొకటి.
బొటనవేలి గోరు.

నొక్కి వదిలితే మరిచిపోవడం రబ్బరు స్వభావం.
దానికి కూడా గుర్తుండిపోయేట్టు
ఎవరో నొక్కారు.

ఫోను చేశాను.
"అమ్మా, ఎడమ పట్టీ మీద గోటిగుర్తులున్నాయి,
సన్నగా రాచి నింపేస్తా, కనపడవు."
కాసేపు అవతల కుక్కరు మాత్రమే మాట్లాడింది.
"మా ఆయన" అంది తరవాత.
"లెక్కల మేస్టారు. నా పక్కన కూర్చుంటే
ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేవాడు.
కోడంబాక్కం వంతెన మీదయితే మరీను.
మెల్లగా పో అని ఒక్కనాడూ నోరు తెరవలేదు.
ఇదా, మహానుభావుడు చేసిన పని!"
నవ్వింది. నవ్వు అయిపోయాక కూడా
ఫోను పెట్టలేదు.
"నేనెప్పుడూ అటు చూళ్ళేదు బాబూ,
రోడ్డు చూసేదాన్ని."

గ్లిజరిన్ అక్కడ మాత్రం గుడ్డతో అద్దాను, రుద్దలేదు.
నెలవంకల అంచులు మెత్తబడ్డాయి.
పూడలేదు.

శనివారం అద్దం ఎక్కించాం.
గాడి చుట్టూ నైలాను తాడు, మీద సబ్బునీళ్ళు;
బయట సాదిక్ అరచేతులతో తడుతుంటే
లోపల కూచుని నేను తాడు లాగాలి.
అంగుళం అంగుళం, రబ్బరు పెదవి
రేకు మీదికెక్కి కూచుంటుంది.
తొందరపడితే చిరుగుతుంది.
ఆగితే సబ్బు ఆరిపోతుంది.
ఇద్దరం మాట్లాడుకోం అప్పుడు,
తాడే చెబుతుంది.

రెండు బకెట్లు గుమ్మరించాం.
కుడి మూలలో ఒక్క చుక్క.
బిల్లు మీద రాశాను: ఒక చుక్క వస్తుంది.
ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి,
సంతకం చేసింది.

సందు మలుపులో మామూలు కంటే మెల్లగా వెళ్ళిందా?
ఏమో.
ఆవిడ మామూలు వేగం నాకేం తెలుసు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు.
కిటికీకి రబ్బరు ఎప్పుడో ఊడింది, అద్దం దడదడ.
వంతెన దిగేచోట డ్రైవరు కుర్రాడు
పగ్గాలు వదిలేశాడు.
చూసుకుంటే నా బొటనవేలు
ఆ ఖాళీ గాడిలో, తెల్లగా పాలిపోయి,
గోరు కింద ఇంకా కొంచెం నలుపుతో.