మంచికాలు ముందు

పదకొండు వారాలు.
ఏడో నంబరు మంచం మీది దుప్పటి
చివరిసారి నేనే మడిచాను, ఎడంచేత్తో.
మడత వంకర.
టొమాష్ చప్పట్లు కొట్టాడు.
ఆ వార్డులో అన్నింటికీ చప్పట్లే:
నిలబడితే, బొత్తాం పెడితే,
గోడ దాకా వెళ్ళి తిరిగొస్తే.
తప్పటడుగుల నాడు కూడా
నాకు ఇన్ని దక్కి ఉండవు.

జిమ్ము మూల నాలుగు చెక్కమెట్లుండేవి.
పైన గది లేదు, గుమ్మం లేదు,
ఎక్కేది అటు దిగడానికే.
ఎక్కేటప్పుడు మంచికాలు ముందు,
దిగేటప్పుడు చెడ్డకాలు ముందు.
రోజూ వల్లెవేయించాడు.
నా చెడ్డకాలు కుడిది.

మాటల పాఠంలో బ్రాన్వెన్
బొమ్మలు ఒక్కొక్కటే తిప్పేది.
దువ్వెన, అన్నాను. గొడుగు, అన్నాను.
తాళంచెవి.
ఆమె కాగితం నిండా ఇంటూ గుర్తులు.
ఆమె తప్పేం లేదు.
సాయంత్రం ఉమాపతి వచ్చి
ఎర్రపెన్ను అడిగి తీసుకుని
ఇరవైకి పదకొండు వేశాడు,
హెడ్మాస్టర్లా సంతకం కూడా పెట్టాడు.

మౌరీన్ గోడవైపు తిరిగి పడుకునుంది.
ఆమెది మూడో అంతస్తు, లిఫ్టు లేదు,
ఎవరో వచ్చి కొలవాలట, ఎవరో కాగితాలు పంపాలట.
ఇటు తిరక్కుండానే
పుదీనా బిళ్ళల డబ్బా నా ఒళ్ళోకి విసిరింది.
ఆసుపత్రిలో అనకూడని మాటే
నా నోటికి నున్నగా వచ్చింది:
వెళ్ళొస్తాను.
నాలిక్కరుచుకున్నాను.
ఆమెకి అర్థం కాలేదు, నయం.
అర్థమైతే బావుండేదని
లిఫ్టులో దిగుతుంటే అనిపించింది.

షెఫీల్డులో మా వీధి నిచ్చెన వేసినట్టుంటుంది.
కారు మూలుగుతూ ఎక్కింది.
చెత్తడబ్బాలు బయటపెట్టే రోజు, వాన వెలిసింది.
పక్కింటి కుక్క మొరిగింది,
నన్ను చూసి కాదు, నా చేతికర్రని చూసి.

ఉమాపతి తలుపు తీయబోతూ
చెవి నా మొహం ముందు ఆడించాడు: ఏమిటిది?
"కీ" అన్నాను.
ఇన్ని వారాలు పిలిస్తే పలకని ఇంగ్లీషు
తీరా ఇంటి గుమ్మంలో వచ్చి నిలబడింది.

ఒకే ఒక్క మెట్టు.
ఇరవయ్యారేళ్ళ కిందట ఇక్కడే
కొత్త ఇల్లు, కుడికాలు పెట్టమని
ఫోన్లోంచి పోరింది మా అత్తయ్య.
అప్పుడు పెట్టాను.
ఇప్పుడు కుడికాలు మెట్టు కింద
తడిసిన బియ్యం సంచిలా ఆగిపోయింది.
ఉమాపతి ఏదో అనబోయి మానేశాడు.
మంచికాలు ముందు, అనుకుని
ఎడంకాలే లోపల పెట్టాను.
ఇల్లు ఏమీ అనలేదు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు కూడా.

మంచం ముందుగదిలోకి దిగొచ్చింది.
పైకి పదమూడు మెట్లు.
వాటి సంగతి తర్వాత.
రాత్రి, మాత్రలు అరచేతిలో పోసుకుని
అతను వచ్చి నిలబడ్డాడు.
అలవాటున నా పేరు చెప్పాను,
పుట్టినతేదీ చెప్పాను.
"తెలుసులేవోయ్" అన్నాడు,
నీళ్ళగ్లాసు మాత్రం
నా కుడిచేతి వైపే పెట్టి.